విశాఖ సముద్రగాలిలో పాత గాజు: రోమన్ సీసా, ఎర్ర పూసలు కొనొచ్చా?

బీచ్‌గాలి:
పాత నాగరికతల గాజు సేకరించడం మొదలుపెడదామని ఉంది. ప్రస్తుతం రెండు నా దృష్టిలో ఉన్నాయి. ఒకటి విదేశీ అమ్మకందారు దగ్గర 8 సెంటీమీటర్ల అత్తరు సీసా. రోమన్, క్రీ.శ. 1-3 శతాబ్దాలు, సిరియా వైపుది అంటున్నాడు. ఒళ్లంతా రంగురంగుల మెరుపు ఉంది. కాగితం మీద ‘పాత యూరోపియన్ సేకరణ నుంచి’ అని తప్ప ఇంకేం లేదు. రెండోది ఇక్కడి వ్యక్తి చూపిన ముదురు ఎరుపు చిన్న పూసల దండ, పుదుచ్చేరి దగ్గరి పురాతన రేవు అరికమేడుదట. ఇల్లు ఎంవీపీ కాలనీలో, అద్దాల తలుపుల ప్లైవుడ్ బీరువా ఉంది. అసలో నకిలీయో తేల్చుకునేదెలా, ఈ తేమలో దాచుకునేదెలా చెప్పగలరా?

కాగితాలరావు:
గాజు సంగతి తర్వాత, ముందు కాగితాలు చూడండి. ‘పాత యూరోపియన్ సేకరణ’ అనే ముక్కకు విలువ లేదండీ. ఎవరి సేకరణ, ఏ ఏడాది వేలం, ఎన్నో లాటు, పాత బిల్లు ఉందా, ఇవి అడగండి. సిరియా పేరు చెప్పాడు కాబట్టి ఇంకా జాగ్రత్త అవసరం. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2015లో చేసిన 2199 తీర్మానం ప్రకారం 2011 మార్చి 15 తర్వాత సిరియా నుంచి అక్రమంగా బయటికొచ్చిన పురావస్తువుల వ్యాపారాన్ని సభ్య దేశాలు అడ్డుకోవాలి. ఇరాక్ వస్తువులకైతే ఆ తేదీ 1990 ఆగస్టు 6. ఆ తేదీలకు ముందే బయట ఉన్నట్టు రుజువు లేకపోతే వదిలేయండి.

పార్సిల్ మీద ‘అలంకరణ వస్తువు’ అని రాయించే అమ్మకందారులున్నారు. ఒప్పుకోకండి, కస్టమ్స్‌లో పట్టుబడితే సీసా పోతుంది, కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. మన 1972 పురావస్తువుల చట్టం నిర్వచనంలో వందేళ్లు దాటాలన్నదే తప్ప ఏ దేశానిదన్న షరతు లేదు. కాబట్టి ఈ సీసా ఇక్కడికి చేరాక దాన్ని దేశం దాటించే హక్కు కేంద్రానికీ, కేంద్రం అనుమతించిన సంస్థకీ తప్ప ఎవరికీ లేదు. నచ్చలేదని తిప్పి పంపడం కుదరదు కాబట్టి అనుమానాలన్నీ డబ్బు కట్టకముందే తీర్చుకోవాలి.

పూసలమ్మే ఆయన్ని లైసెన్సు నంబరు అడగండి, పురావస్తువుల వ్యాపారానికి అది తప్పనిసరి. అరికమేడు రక్షిత స్థలం, అక్కడ ఏరుకొచ్చినవైతే అసలు ముట్టుకోవద్దు. మన బౌద్ధ స్థలాలు తొట్లకొండ, బావికొండల మీద కనిపించే పెంకు ముక్కకైనా ఇదే వర్తిస్తుంది.

పదిరెట్లలూప్:
ముందు పూసలు. పదిరెట్ల లూప్‌తో (చిన్న భూతద్దం), వెనక నుంచి లైటు పెట్టి చూడండి. బుడగలు, చారలు రంధ్రానికి సమాంతరంగా సాగి ఉంటే గొట్టంలా లాగి ముక్కలు కోసిన పూస. రంధ్రం చుట్టూ తిరిగి ఉంటే కడ్డీకి చుట్టిన పూస. అరికమేడులో ఎక్కువగా తయారైనవి లాగినవే. మీది ముదురు ఎరుపు కాబట్టి కాంతి దూరదు, పైనున్న చారలూ విరిగిన అంచులూ చూసి చెప్పాలి.

చిక్కేమిటంటే, తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో మొన్నమొన్నటి దాకా కొలిమిలోంచి గొట్టం చేత్తో లాగి పూసలు చేసిన పద్ధతీ అదే. కాబట్టి లాగిన పూస అయినంత మాత్రాన పాతది కాదు. రంధ్రంలో మట్టి ఉందన్నదీ రుజువు కాదు, మట్టి ఎవరైనా కూరగలరు. రసాయన పరీక్ష ఒక్కటే కొంత నమ్మదగింది. దక్షిణాది పాత గాజులో చాలావాటికి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) 5 శాతం పైనే ఉంటుంది, ఈనాటి సీసా గాజులో 1-2 శాతం. ఎక్స్-కిరణాలతో మూలకాలు కొలిచే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం సోడియాన్ని సరిగా చూడలేదు, పైగా శిథిలమైన ఉపరితలం మీద పెడితే లెక్కే తప్పుతుంది. విరిగిన పూస తాజా అంచు మీద చూపించమనండి. నన్నడిగితే, ముందు పాపానాయుడుపేట కొత్త పూసలు ఓ గుప్పెడు కొని లూప్ కింద కన్ను అలవాటు చేసుకోవడం మేలు.

సీసాకు వస్తే, భూమిలో క్షారం కారిపోయి పైన పలుచని పొరలు మిగులుతాయి, ఆ పొరల మధ్య కాంతి వల్లే మెరుపు. అసలు శిథిలం గాజు లోపలికి తింటుంది, పొర ఊడినచోట గుంటలు కనిపిస్తాయి. నకిలీ మెరుపు నునుపైన గాజు మీద పూతలా కూర్చుంటుంది. సన్నని మెడ లోపల ఫోటో అడగండి, మోసగాడికి అక్కడ పూయడం కష్టం. అతుకు గీత మూతి అంచు మీదుగా పోతే యంత్రపు సీసా. తయారీలో సీసాను పట్టుకున్న కడ్డీ విరిచిన మచ్చ అడుగున లేదని మాత్రం నకిలీ అనుకోకండి, ఇలాంటి చిన్న అత్తరు సీసాలకు చాలాసార్లు ఉండదు. చీకట్లో యూవీ టార్చి వేస్తే అతికించినచోట ఎపాక్సీ జిగురు నీలి తెలుపుగా వెలగొచ్చు. రెండు వేర్వేరు సీసాల మెడా, పొట్టా అతికించి అమ్మడం కొత్తేమీ కాదు.

తేమమీటర్:
ప్లైవుడ్ బీరువా వద్దండీ. జిగురు, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు గాజు మీది క్షారంతో కలిసి తెల్లని లవణాలవుతాయి. పాలీప్రొపిలీన్ గాలిబిగుతు డబ్బా తీసుకుని, పాలీఎథిలీన్ ఫోమ్‌లో సీసా ఆకారానికి గుంట కోసి పడుకోబెట్టండి. దూదిలో పెట్టకండి, పోగులు పొరలకు తగులుకుని లేపేస్తాయి.

మన ఒడ్డున గాలి తేమ 70 శాతం దాటడం మామూలే, డబ్బాలో 45 దగ్గర నిలపాలి. అందరూ చేసే పొరపాటు వేడిచేసి ఎండబెట్టిన, తేమ పీల్చే సిలికా జెల్ నేరుగా వేసేయడం. తేమ ఒక్కసారిగా పడిపోయి పొరలు చిట్లుతాయి. పొటాషియం కార్బొనేట్‌ను నీటిలో ఇక కరగనంత కలిపి, అడుగున పలుకులు మిగిలి ఉండగా చిన్న గిన్నెలో ఉంచండి. వేరే మూసిన డబ్బాలో దాని పక్కన జెల్ పరిచి రెండుమూడు వారాలు వదిలేయండి. ఆ ద్రావణం గాలిని 43 శాతం దగ్గర పట్టి ఉంచుతుంది, జెల్ దానికి సర్దుకుంటుంది, అప్పుడు ఆ జెల్‌ను సీసా డబ్బాలో పెట్టండి. లీటరుకు 20 గ్రాముల లెక్కన పది లీటర్ల డబ్బాకు 200 గ్రాములు చాలు.

చౌక తేమ మీటరును నమ్మకండి. తడిపిన ముద్ద ఉప్పుతో జిప్ సంచిలో రాత్రంతా మూసి ఉంచితే 75 చూపాలి. తేడా ఎంతో మీటరు మీదే రాసిపెట్టుకోండి.

బీచ్‌గాలి:
ధన్యవాదాలండీ. వేలం వివరాలు అడుగుతాను, చెప్పకపోతే సీసా వదిలేస్తాను. ఒకవేళ వచ్చిందంటే మట్టి కడగాలా?

తేమమీటర్:
కడగకూడదు. తడిస్తే పొరల మధ్య నీరు చేరి మెరుపు పోయినట్టు కనిపిస్తుంది. ఆరితే తిరిగొస్తుంది గానీ రేకులు కొన్ని నీళ్లతో పోతాయి. మెరుపు కోసం కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు, అదీ వద్దు. వదులు మట్టిని మెత్తని కుంచెతో, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, సీసాను ట్రే మీదే ఉంచి దులపండి. రేకు లేస్తుంటే అక్కడితో ఆపండి. లేచిన రేకులను నిలబెట్టడానికి అసిటోన్‌లో 5 శాతం పారలాయిడ్ బి-72 అనే రెసిన్ వాడతారు, కానీ అది పరిరక్షకుల పని. రాలిన రేకులు పారేయకుండా చిన్న మూత డబ్బాలో, సీసా పక్కనే ఉంచండి.