అప్‌డేట్: పాత్ర ఎత్తును అంకెల్లో చెప్పాలా?

గుంటూరు మిర్చి యార్డు నేపథ్యంగా రాస్తున్న నవలలో హమాలీ అయిన కథానాయకుడి ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, బరువు 78 కిలోలు అని రాయవచ్చా అని అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఆ రెండు అంకెలూ తీసేశాను. ఇప్పుడతను మిర్చి టిక్కీని (బస్తాను) వీపున వేసుకుని, ఆయాసం లేకుండా మేస్త్రీతో మాట్లాడుతూ నడుస్తాడు. పాకలోకి వెళ్లేటప్పుడు మెడ వంచుతాడు. పైగా కథ చెబుతున్నది అతని భార్య. మొగుణ్ణి చూసి కిలోలు లెక్కపెట్టే మనిషి కాదు ఆమె.

కథానాయకుడి తమ్ముడి విషయంలో మాత్రం, చాలామంది వద్దన్నా, అంకె ఉంచుతున్నాను. అతను పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి వెళ్తాడు. మన రాష్ట్రంలో గిరిజనేతర పురుష అభ్యర్థులకు ఉండాల్సిన కనీస ఎత్తు 167.6 సెంటీమీటర్లు. అతను 167. ఆ ఆరు మిల్లీమీటర్ల దగ్గరే అతని కథ మలుపు తిరుగుతుంది. అక్కడ ‘కాస్త పొట్టి’ అని రాస్తే ఆ అధ్యాయానికి ఆధారమే ఉండదు! కొలత తీసే సన్నివేశాన్ని ఇంకా పెంచి రాస్తున్నాను. అంకెను పైకి చదివే గుమాస్తా గొంతు దగ్గర ప్రస్తుతం ఆగి ఉన్నాను.