బైపీసీ తర్వాత బెంగళూరులో బయాలజీ డిగ్రీ: ఎక్కడ చేర్చాలి?

మారతహళ్లి అమ్మ:
మా అమ్మాయి విజయవాడ హాస్టల్లో ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్‌కి వెళ్లనని తేల్చేసింది. దానికి పురుగులంటే పిచ్చి. మేముండేది ఇక్కడే కాబట్టి వచ్చే ఏడాదైనా ఐఐఎస్సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) చేర్చాలని ఆశ. లేదంటే క్రైస్ట్, సెయింట్ జోసెఫ్స్, మౌంట్ కార్మెల్ చూస్తున్నాం. బంధువులేమో బయోటెక్ అయితేనే ఉద్యోగం అంటున్నారు. చదివినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

యశ్వంతపూర్ సీనియర్:
అక్కా, ఐఐఎస్సీ బీఎస్‌కి పన్నెండో తరగతిలో మ్యాథ్స్ ఉండాల్సిందే, తర్వాత బయాలజీ మేజర్ తీసుకునేవాళ్లకైనా. ఇక్కడ పీయూలో (మన ఇంటర్ లాంటిదే) మ్యాథ్స్, బయాలజీ రెండూ ఉండే పీసీఎంబీ చదివిన పిల్లలకి ఇబ్బంది లేదు. మన బైపీసీ వాళ్లకే దారి మూసుకుపోతుంది, ఇంటర్‌లో చేరేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.
ఐసర్‌లని కేంద్ర ప్రభుత్వ సైన్స్ సంస్థలున్నాయి, వాటి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌కి మాత్రం బైపీసీ చాలు. తిరుపతిలోనూ ఐసర్ ఉంది. ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు, అందులో 15 మ్యాథ్స్. సీటొచ్చాక కూడా మొదట్లో లెక్కలు తప్పవు, ఇప్పట్నుంచే కాస్త చూసుకోమనండి.

జువాలజీ మేడమ్:
కాలేజీకి వెళ్తే బ్రోచర్ చేతిలో పెట్టి పంపేస్తారు. ప్రాక్టికల్స్ జరిగే రోజు వెళ్లి ల్యాబ్ చూపించమని అడగండి. ఒక్కో మైక్రోస్కోప్ దగ్గర ఎంతమంది మూగారు? పీసీఆర్ (డీఎన్ఏకి కాపీలు తీసే ప్రయోగం) పిల్లలు స్వయంగా పెడుతున్నారా, సార్ పెడుతుంటే చుట్టూ నిలబడి రికార్డు రాసుకుంటున్నారా? ఫైనలియర్ వాళ్లని పక్కకి పిలిచి ప్రాజెక్టు ఎక్కడ చేశారో అడగండి, వాళ్లు దాచరు. ఫీల్డ్ ట్రిప్ అంటే లాల్‌బాగ్‌లో ఫొటోలు దిగి రావడమేనా అన్నదీ అక్కడే తెలుస్తుంది.
బయోటెక్ అన్న పేరు చూసి డిగ్రీలో చేరక్కర్లేదు. పురుగులంటే ఇష్టమున్న పిల్లకి జువాలజీ, బాటనీ గట్టిగా ఉండటమే మేలు.

దాసరహళ్లి బ్రో:
మేడమ్ చెప్పింది నిజమే, కానీ మంచి ల్యాబ్ ఉన్నచోట ఫీజు కూడా చూడండి. నేను చదివిన ప్రైవేటు కాలేజీ పేరెందుకులే. బ్రోచర్‌లో టిష్యూ కల్చర్ ల్యాబ్ మెరిసిపోయేది, మేం చదివినన్నాళ్లూ దానికి తాళమే. నన్ను గట్టెక్కించింది బెంగళూరే. వ్యవసాయ యూనివర్సిటీ జీకేవీకే ఆవరణలో ఎన్‌సీబీఎస్ అనే బయాలజీ పరిశోధన సంస్థ ఉంది. హెబ్బాళ్‌లో ఎన్‌బీఏఐఆర్ ఉంది, పురుగుల మీద పరిశోధన కోసమే పెట్టిన ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) సంస్థ అది. ఇంటర్న్‌షిప్ కోసం మెయిళ్లు పెడుతూనే ఉండాలి, చాలావాటికి జవాబు రాదు. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కీ డిగ్రీలో ఉండగానే అప్లై చేసుకోవచ్చు. ఫీజు తక్కువ కాలేజీలో చేరి ఇవన్నీ వాడుకోవడం నాకైతే నయమనిపిస్తుంది.

యశ్వంతపూర్ సీనియర్:
ఇంకోటి, కోర్సు మూడేళ్లా నాలుగేళ్లా అని అడగండి. 2024లో కర్ణాటక ప్రభుత్వం మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చింది. ప్రైవేటు యూనివర్సిటీల్లో ఒక్కోచోట ఒక్కోలా ఉంది.

గుంటూరు అగ్రి:
పురుగులంటే అంత ఇష్టమైతే బీఎస్సీ అగ్రికల్చర్ ఎందుకు వదిలేశారు? వ్యవసాయ యూనివర్సిటీల్లో ఎంటమాలజీ (పురుగుల శాస్త్రం) ఎమ్మెస్సీకి ఆ డిగ్రీయే అడుగుతారు. ఆ సీటు కోసం ఏపీ ఈఏపీసెట్ రాసిందా?

మారతహళ్లి అమ్మ:
రాసిందండి, నీట్ గొడవలో ఆ ర్యాంకు సంగతే పట్టించుకోలేదు. ఇంటర్ మొత్తం విజయవాడలోనే, టెన్త్ మాత్రం ఇక్కడ చదివింది. ఏపీ సీట్లకి లోకల్ కోటా కిందకి వస్తుందా?