నగరి వాకిట నుండు నల్ల... రాయా, గుండా?

కోనసీమ కొబ్బరి: అమలాపురం దగ్గర ఇల్లు కట్టుకుంటున్నామండి. నిన్న పంగిడి నుంచి లారీ మెటల్ (కంకర) దిగింది. నాన్నగారు ఒక ముక్క చేతిలోకి తీసుకుని "నగరి వాకిట నుండు నల్ల..." అని అక్కడే ఆగిపోయారు. కౌలు బాకీ కట్టలేక రాయి మోసే శిక్ష పడ్డప్పుడు శ్రీనాథుడు చెప్పాడనే చాటుపద్యమని గుర్తొచ్చింది గానీ చివరి మాట ఇద్దరికీ తెగలేదు. రాయి అని నేను, గుండు అని ఆయన. రెండూ గలములే (గురువు, లఘువు), సీసపద్యానికి ఏదైనా సరిపోతుంది. రాత్రంతా ఇదే గోల.

తణుకు పంతులు: గుండే. యతి "నల్ల" దగ్గరే తీరిపోయింది కాబట్టి ఆ తర్వాత ఏ మాట పెట్టినా చెవికి తేడా తెలియదు, మీరు మోసపోయింది అందుకే. అసలు తగువు "నగరి" దగ్గరుంది. నగరి అంటే పట్టణం, నగరు అంటే రాచమందిరం. శిక్ష ఊరి గుమ్మంలోనా, కోట గుమ్మంలోనా? "నగరు వాకిట" అన్నా అదే నగగణం (మూడు లఘువులు, ఒక గురువు), ఛందస్సు సాయం చెయ్యదు.

పాత పుస్తకాల పురుగు: పంతులుగారూ, ఊరు–ఊరి, ఏరు–ఏటి చదివే ఉంటారు. నగరు–నగరి కూడా ఆ కోవలోదే. ఆ ఇకారం విభక్తి తెచ్చిపెట్టింది. "నగరి వాకిట" అంటే నగరు యొక్క వాకిట. పట్టణం ఊసే లేదు.

తణుకు పంతులు: అయ్యుండొచ్చు. కానీ సంస్కృత "నగరీ" తెలుగులో హ్రస్వమై నగరి అవుతుంది కదా. దాన్నెందుకు వెళ్లగొడతారు?

పంగిడి క్రషర్: ఆ మెటల్ మాదే అయ్యుంటదండి ఆయ్. గ్రామర్ నాకు తెలవదు. ముక్క పగలగొట్టి కొత్త ముఖం చూడండి. గ్రానైట్‌లో లాగా పలుకులు మెరవవు, మసిలాగా ఒకటే నలుపు. అక్కడక్కడ బెజ్జాలు, కొన్నిట్లో తెల్లగా ఏదో నిండి ఉంటది. మా కుర్రాళ్లు దాన్ని రాయికి పట్టిన సున్నం అంటారు.

కాతేరు మాష్టారు: అది సున్నం కావాలని లేదు నాయనా. బెజ్జం లావాలో చిక్కుకున్న గాలిబుడగ. ఆ తర్వాత ఎప్పుడో నీళ్లు ఊరి, వాటిలోని ఖనిజాలు అందులో పేరుకున్నాయి. అది బసాల్ట్. రాజమండ్రి పక్కన మా కాతేరులోనూ, గోదావరి అవతలి ఒడ్డున మీ పంగిడిలోనూ ఉన్నది ఇదే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటిది. దక్కను పీఠభూమి లావాయే పాత నదీలోయల వెంట ఇంచుమించు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడిదాకా వచ్చిందని చాలామంది అభిప్రాయం. పొరకీ పొరకీ మధ్య సున్నపురాయి, అందులో గుల్లలు కూడా ఉన్నాయి. ఈ లావా పొరలనే రాజమండ్రి ట్రాప్స్ అంటారు. ట్రాప్ అన్నది మెట్టుకు స్వీడిష్ మాట.

పాత పుస్తకాల పురుగు: మెట్టరాయి అనేద్దాం మాష్టారూ! పంగిడి ఎలాగూ మెట్టలోదే.

కాతేరు మాష్టారు: ఎగతాళి అయినా బాగుంది. పాఠ్యపుస్తకాల్లో ఒకచోట అగ్నిశిల, ఇంకోచోట ఆగ్నేయశిల. "ఆగ్నేయ" అనేసరికి పిల్లలు ఆగ్నేయ మూల దొరికే రాయి అనుకునేవారు. నేను అగ్నిశిలనే వాడాను.

తణుకు పంతులు: అగ్నికి సంబంధించినది ఆగ్నేయం, వ్యాకరణంలో తప్పులేదు. మూలకు ఆ పేరొచ్చింది అగ్ని దిక్పాలకుడు కాబట్టి. పిల్లల తికమకకు తద్ధితం (నామానికి చేరే ప్రత్యయం) ఏం చేసింది?

కోనసీమ కొబ్బరి: అయ్యా, గుండు...

రాజమండ్రి రేవు: గుండు మాదే! అదే పద్యంలో "వీరభద్రారెడ్డి విద్వాంసు" అని ఉందా లేదా? వీరభద్రారెడ్డి రాజమండ్రిని ఏలిన రాజు. కాబట్టి నగరు మాది, వాకిలి మాది, నల్లగుండు కాతేరు బసాల్ట్. దాన్ని చెక్కక్కర్లేదు కూడా. బసాల్ట్ శిథిలమయ్యేటప్పుడు ఉల్లిపొరల్లా ఊడి, లోపల గుండ్రటి గట్టిరాయి మిగులుతుంది.

పాత పుస్తకాల పురుగు: విద్వాంసుడు రాజమండ్రివాడైతే రాయి కూడా రాజమండ్రిదేనా? పంట కొట్టుకుపోయింది కృష్ణలో, కౌలు బొడ్డుపల్లెది, బాకీ 700 టంకాలు (నాణేలు). వసూలు చేసేవాడు గుండుకోసం గోదావరి దాటి వస్తాడా?

కాతేరు మాష్టారు: ఉల్లిపొరల సంగతి నిజమే గానీ గ్రానైట్ గుండ్లూ ఆ తీరునే తేలతాయి. కృష్ణ వైపు నల్లరాయి అంటే నేనైతే డోలరైట్ అంటాను. కూర్పు బసాల్ట్‌దే, సిలికా 45–52 శాతం. తేడా చల్లారిన చోటులో ఉంది. నేల మీద పారి చప్పున చల్లారితే బసాల్ట్, పలుకు కంటికి ఆనదు. పగులులో ఇరుక్కుని చల్లారితే డోలరైట్. బాగా లోతున తీరుబడిగా చల్లారితే గాబ్రో. తణుకు వాళ్లకు పటికబెల్లం గురించి నేను చెప్పాలా? పాకం నిదానంగా ఆరితేనే పలుకు పెద్దదవుతుంది. గ్రానైట్ పాకమే వేరు, సిలికా 70 శాతం దగ్గర ఉంటుంది. చీమకుర్తి గెలాక్సీ రాయిని గ్రానైట్ అని అమ్ముతారు గానీ అది గాబ్రో జాతిది.

రాజమండ్రి రేవు: బరువు లెక్క వేశాను. 30 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండు గ్రానైట్‌దైతే 38 కిలోల లోపే, బసాల్ట్‌దైతే 41. మూడు కిలోలు ఎక్కువ మోయించినవాడికే నా ఓటు.

పాత పుస్తకాల పురుగు: కనకాభిషేకం జరిగిన శ్రీనాథుడి భుజమండీ అది! ఆ బాధలోనూ ఆయన చమత్కారం చూడండి. అదే పద్యంలోని పొగడదండ అంటే పూలదండ అనుకునేరు, శిక్షకు మెడకు తగిలించేది అది. పేరులో పొగడ్త, పనిలో ఉరి. రాయి కూడా భుజం "ఎక్కింది"ట, ముద్దుల మనవడిలా. ఎత్తించారు అనలేదు. ఆ "ఎక్కెను గదా" ముందు మీ సిలికా శాతాలు ఎందుకు?

పంగిడి క్రషర్: గుండంటే మా ఊళ్లో కుర్రాళ్లు పండక్కి ఎత్తే రాతిగుండు కూడానండి. ఎత్తలేనోడికి అది శిక్షేగా.

తణుకు పంతులు: ఆ అర్థం పనికొస్తుంది. నగరులో మల్లుల గుండు వాకిట్లోనే పడుండేదేమో. అంటే నగరు! చూశారా, మళ్లీ నా మాటకే వచ్చాం.

పాత పుస్తకాల పురుగు: మీ మాట నగరీ కదా పంతులుగారూ?

కోనసీమ కొబ్బరి: ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. పగలగొట్టి చూద్దామనేసరికి ఆ ముక్కను మేస్త్రి పునాదిలో పోసేశాడు. నాన్నగారు దాని సంగతి వదిలేసి, ఆ పద్యంలోనే "వెదురుగొడియ"లో గొడియ అంటే ఏమిటో మిమ్మల్ని అడగమంటున్నారు.