30 శాతం గ్లైకోలిక్ పీల్ ఇంట్లో వాడొచ్చా?

మల్లెమొగ్గ:
మొటిమలు తగ్గాయి కానీ బుగ్గల మీద నల్ల మచ్చలు ఉండిపోయాయి. నాది చామనఛాయ. ఆన్‌లైన్‌లో 30 శాతం గ్లైకోలిక్ యాసిడ్ పీల్ (చర్మం పైపొరని ఊడగొట్టే యాసిడ్ ద్రావణం) తెప్పించాను, ఇంకా సీల్ తియ్యలేదు. రాత్రిళ్లు మొటిమలకి అడాపలీన్ జెల్ రాస్తున్నా. ఇంకో 5 వారాల్లో చెల్లి పెళ్లి. ఎంతసేపు ఉంచాలి, మంట ఎంతవరకు మామూలు?

చర్మశాస్త్రం:
సీల్ అలాగే ఉంచండి. శాతం కన్నా ముందు పీహెచ్ చూడాలి, అంటే ఆమ్లత్వపు కొలత; ఆ అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ. గ్లైకోలిక్ యాసిడ్ పీహెచ్ 3.8 దగ్గర ఉంటే అందులో సగమే చర్మంలోకి దిగే రూపంలో ఉంటుంది. అదే 2 దగ్గర ఉంటే దాదాపు అంతా దిగుతుంది. సీసా మీద పీహెచ్ వెయ్యలేదంటే ఎంత ఘాటో మీకు తెలియనట్టే. అమెరికాలో కాస్మెటిక్ పదార్థాల భద్రతను చూసే నిపుణుల బృందం ఇంటి వాడకానికి పెట్టిన హద్దు: 10 శాతం దాటకూడదు, పీహెచ్ 3.5కి తగ్గకూడదు. ఘాటైన పీల్స్ డాక్టరు పర్యవేక్షణ లేకుండా కొనొద్దని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జులైలో హెచ్చరించింది కూడా. ఇంకా లోతుకి దిగే టీసీఏ (ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్) అయితే ఇంట్లో ఊసే ఎత్తొద్దు.

మన రంగుకి అసలు చిక్కు కాలడం ఒక్కటే కాదు. కాస్త వాచినా చాలు, చర్మం అక్కడ మెలనిన్ అనే నల్ల రంగుని గుమ్మరిస్తుంది. 2, 3 వారాలకి మచ్చ మొదటికన్నా నల్లబడుతుంది. అందుకే నెమ్మదిగా దిగే మాండెలిక్ అనే ఇంకో యాసిడ్ నయం. దాని అణువు పెద్దది కాబట్టి మెల్లగా దిగుతుంది: అణుభారం 152, గ్లైకోలిక్‌ది 76. కడిగేసే రకం, 10 శాతం మాండెలిక్‌తో మొదలుపెట్టండి.

పద్మ_ఫార్మసీ:
పై సలహాకి పద్ధతి నేను రాస్తా. పీల్‌కి 5 రోజుల ముందు అడాపలీన్ ఆపండి. థ్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ ఏది చేయించుకున్నా వారం ఎడం ఉండాలి. చెవి కింద దవడ మీద రూపాయి బిళ్లంత చోట రాసి, ముఖానికి ఎంతసేపు అనుకుంటున్నారో అంతే ఉంచి కడిగేసి, 48 గంటలు ఆగండి. ఎర్రబడి అలాగే ఉండిపోయినా, దురద పెట్టినా ఆ సీసా మీది కాదు.

చేసేది రాత్రి పూట. ముఖం కడిగాక 15 నిమిషాలు పూర్తిగా ఆరనివ్వండి, చాలామంది తప్పు ఇక్కడే. తడి చర్మం యాసిడ్‌ని ఎక్కువ లోపలికి లాగుతుంది. ముక్కు పక్క మడతల్లో, పెదాల మూలల్లో, కళ్ల చుట్టూ వాజిలీన్ పుయ్యండి. 1 మి.లీ. చాలు. నుదురు, బుగ్గలు, చివర గడ్డం. మొదటి చుక్క తగిలినప్పుడే ఫోన్‌లో టైమర్ పెట్టండి. నుదుటికీ గడ్డానికీ మధ్యే నిమిషం గడిచిపోతుంది మరి. తొలిసారి 2 నిమిషాలే. తర్వాత ఒక్కోసారికి ఒక్కో నిమిషం పెంచొచ్చు, లేబుల్ మీదున్న గరిష్ఠం దాటొద్దు. రెండు పీల్స్ మధ్య 2 వారాలు.

చీమలు పాకినట్టు చురుక్కుమంటే ఫర్వాలేదు. నిప్పు అంటుకున్నట్టుంటే టైమర్‌తో పనిలేదు, వెంటనే కుళాయి కింద చల్లటి నీళ్లతో కడగండి. మామూలుగా కూడా 2 నిమిషాలు ధారగా కడగాలి, తడిగుడ్డతో తుడిస్తే సరిపోదు. వంట సోడా పొడి రుద్దే వీడియోలు తిరుగుతున్నాయి, ఆ రాపిడికే చర్మం గీసుకుపోతుంది. చర్మం తెల్లగా పాలిపోతే యాసిడ్ లోతుకి దిగినట్టు: నీళ్లు పోస్తూనే ఉండి, అదే రోజు డాక్టరుకి చూపించండి. సాలిసిలిక్ పీల్‌లో ఆరాక కనిపించే తెల్ల పొడి వేరు, అది కడిగితే పోతుంది.

వారం పాటు పొట్టు గిల్లొద్దు. అడాపలీన్ మళ్లీ పొట్టు పూర్తిగా రాలాకే.

తులసికోట:
ఒకటి మిగిలింది. ఈ మధ్య ఏదైనా తెల్లబడే క్రీము వాడారా? ట్యూబు వెనక మొమెటాసోన్, బీటామెథాసోన్, ఫ్లూసినోలోన్ అని ఉంటే స్టెరాయిడ్ ఉన్నట్టు. నెలల తరబడి రాసిన ముఖం పల్చబడి ఉంటుంది, తేలికపాటి పీల్‌కే కాలుతుంది. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, గర్భిణులు, పెదాల మీద జ్వరపు పొక్కులు తరచూ వచ్చేవాళ్లు, గాయం మానాక మచ్చ ఉబ్బెత్తుగా లేచేవాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టుకోవద్దు.

మల్లెమొగ్గ:
అలాంటి క్రీములేవీ వాడలేదండీ. పీల్ బదులు నిమ్మరసం?

చర్మశాస్త్రం:
అది ఇంకా మోసం. నిమ్మరసం పీహెచ్ 2కి అటూఇటూ ఉంటుంది. నిమ్మజాతి పళ్ల రసం పడ్డ చోట ఎండ తగిలితే బొబ్బలొచ్చి గోధుమరంగు మరకలు పడొచ్చు. పెరుగు పెట్టుకోండి కావాలంటే, లాభం లేకపోయినా నష్టం తక్కువ.

పెళ్లి సంగతి: ఈ వారం చెవి కింద పరీక్ష, వచ్చే వారం మొదటి పీల్, ఇంకో 2 వారాలకి రెండోది. అక్కడితో ఆపేయండి, పెళ్లికి ముందు చివరి 2 వారాలు ముఖం మీద కొత్తదేదీ వద్దు. రోజూ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు. బయటుంటే 2 గంటలకోసారి మళ్లీ. అది కుదరదంటే పీల్ మానేసి అడాపలీనే కొనసాగించండి. మచ్చలకి అదీ పనిచేస్తుంది, కాకపోతే నెలలు పడుతుంది.