అప్‌డేట్: నాన్న కంచం పక్కకు నెట్టడం తగ్గింది

క్యాన్సర్‌కు కీమో మందులు మొదలయ్యాక నాన్న రెండు ముద్దలకే లేచిపోతున్నారని, ఏం పెట్టాలో చెప్పమని పోయిన నెల అడిగాను. మాది దేవరకొండ దగ్గర పల్లె. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తప్పు నాదే. నీళ్లలాంటి జొన్న జావ గ్లాసులకొద్దీ తాగించాను. కడుపు నిండేది, ఒంటికి పట్టేది కాదు. ఆసుపత్రిలో ఆహార నిపుణురాలు లెక్క చెప్పారు: కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 క్యాలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్. నాన్న 50 కిలోలు, అంటే కనీసం 60 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే!

ఇప్పుడు జావను పాలతో చిక్కగా కాస్తున్నాను. పెరుగన్నంలో పల్లీల పొడి, పప్పులో నెయ్యి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. బాగా పనిచేసింది మాత్రం మీలో ఒకరు చెప్పిన చిట్కా. నోరంతా ఇనుము రుచిగా ఉందని నాన్న అంటున్నారు కదా, స్టీలు మానేసి పింగాణీ గిన్నె, చెక్క చెంచా ఇచ్చాను. వేడి అన్నం వాసనకే వికారపడే మనిషి, చల్లార్చి పెడితే గిన్నె ఖాళీ చేశారు.

బరువు ఇంకా పెరగలేదు, తగ్గడం ఆగింది. నిన్న తపాల చెక్క (గిన్నెలో కాల్చే కారపు బియ్యప్పిండి రొట్టె) అడిగారు. నోట్లో పుండ్లని అమ్మ కారం వేయకుండా చేసి, పెరుగులో నానబెట్టి ఇచ్చింది. ‘ఇదేం తపాల చెక్క’ అని విసుక్కుంటూనే సగం తిన్నారు.