చలిలో బయట పెట్టడానికి ఏ చిన్న బోర్డు కొనాలి? బూట్ కావట్లేదు, అర్జెంట్

పెన్నా_గట్టు, అనంతపురం:
అన్నలూ, సాయంత్రం నుంచి ఇదే పని మీద కూర్చున్నా, ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. చలిలో బోర్డు బూట్ కావట్లేదు. టేబుల్ మీద పెడితే బ్రహ్మాండంగా ఆన్ అవుతుంది. చల్లబడిందంటే చాలు, ఎర్ర లైటు ఒకసారి వెలిగి ఆరిపోతుంది. కార్డు మార్చినా, ఓఎస్ మళ్లీ ఎక్కించినా, కేబుల్ మార్చినా అదే కథ. చలికి తట్టుకునే చిన్న కంప్యూటర్ బోర్డు పేరు ఒకటి చెప్పండి, పొద్దున్నే ఆర్డర్ పెడతా. బయట పెట్టేది. బడ్జెట్ తక్కువ.

గండికోట_77, కడప:
తమ్ముడూ, మన సీమలో చలి గురించి ఎందుకు టెన్షన్? డిసెంబరు రాత్రుల్లో కూడా ఏ బోర్డుకీ ఇబ్బంది రాదు. నువ్వు చూసుకోవాల్సింది ఎండ. మే నెలలో బయట 42, 43 ఉంటే మూత బిగించిన బాక్స్‌లో ఇంకా ఎంతో పెరుగుతుంది. చిప్ 80 డిగ్రీలు దాటితే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. నీడలో పెట్టు, తెల్ల బాక్స్ తీసుకో, హీట్ సింక్ అతికించు.

బురుజు_వీధి, కర్నూలు:
ఏ బోర్డు? ఎన్ని డిగ్రీలు? కరెంట్ దేని నుంచి?

పెన్నా_గట్టు:
రాస్ప్‌బెర్రీ పై 4, 2 జీబీ. పెట్టేది ఇక్కడ కాదన్నా, లద్దాఖ్‌లో లేహ్ దగ్గర. మా బావ అక్కడ పని చేస్తాడు. ఆయనకు తెలిసిన వాళ్ల ఆప్రికాట్ తోటలో పూత ఎప్పుడు మొదలవుతుందో రోజూ ఫోటోలు తీయాలి, ఉష్ణోగ్రత రాసుకోవాలి. చలికాలంలోనే బిగించేస్తారట. ఇక్కడ వేరుశనగ చేలో ఇలాంటిదే పెట్టాం, ఖరీఫ్ అంతా చక్కగా నడిచింది. మాది కూల్‌డ్రింక్ షాపు, అందులోని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి చూస్తున్నా. మైనస్ 18 చూపిస్తోంది.

బురుజు_వీధి:
పై 4కి కంపెనీ చెప్పింది 0 నుంచి 50 వరకే. అదే కంపెనీ చిన్న రకం పై జీరో 2 డబ్ల్యూ అయితే మైనస్ 20 నుంచి 70. వేరే బోర్డు మీద గుచ్చి వాడే కంప్యూట్ మాడ్యూల్ 4 మైనస్ 20 నుంచి 85, దాంట్లోనే మైనస్ 40 రకం వేరే ఉంది. బీగల్‌బోన్ బ్లాక్ ఇండస్ట్రియల్ అనే ఇంకో బోర్డు మైనస్ 40 నుంచి 85. మామూలు బీగల్‌బోన్ కాదు, ఇండస్ట్రియల్ అని చూసి తీసుకో.

వేదవతి, రాయదుర్గం:
అందరూ బోర్డు గురించే మాట్లాడుతున్నారు, టైమ్ సంగతి ఎవరూ అడగలేదు. పూత తేదీలు రాసుకునే పరికరానికి గడియారమే ప్రాణం. పై 4లో సొంత గడియారం లేదు, నెట్ దొరక్కపోతే తేదీ తప్పుతుంది. బయట గడియారం మాడ్యూల్ పెడతావు, సరే. చౌక మాడ్యూళ్లలో ఉండే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గరే సరిగ్గా నడుస్తుంది. చలి పెరిగేకొద్దీ వెనకబడుతుంది, అది కూడా 25 నుంచి తేడా రెట్టింపైతే వెనకబాటు నాలుగింతలు. మైనస్ 20 దగ్గర రోజుకు 6 సెకన్ల దాకా పోతుంది. డీఎస్3231 అనే గడియారం చిప్ తీసుకో, ఉష్ణోగ్రతను బట్టి తనే సర్దుకుంటుంది. అందులోనూ చివర ఎస్ఎన్ అని ఉన్నదే మైనస్ 40 దాకా పనికొస్తుంది, ఉత్త ఎస్ రకం 0 నుంచి 70 వరకే. మార్కెట్లో రెండూ కలిపి అమ్ముతున్నారు. చిప్ మీద అక్షరాలు భూతద్దం పెట్టి చదవాలి.

బురుజు_వీధి:
పూత ఫోటోకి 6 సెకన్ల తేడా వస్తే ఏం నష్టం? ముందు బూట్ కానివ్వండి.

వేదవతి:
రోజుకు 6 సెకన్లంటే మూడు నెలలకు 9 నిమిషాలు. రికార్డు అంటే రికార్డే.

శ్రీశైలం_రోడ్డు, కర్నూలు:
తమ్ముడూ, ఫ్రీజర్‌లో బ్యాటరీ కూడా లోపలే పెట్టావా?

పెన్నా_గట్టు:
అవునక్కా. రెండు 18650 లిథియం సెల్‌లు, వాటి వోల్టేజ్‌ని 5 వోల్టులకు పెంచే బూస్ట్ బోర్డు, పై, అంతా ఒకే బాక్స్‌లో. అక్కడ సోలార్ ప్యానెల్ కూడా తగిలిస్తా.

శ్రీశైలం_రోడ్డు:
అయితే ముందు బోర్డును అనుమానించకు. చలికి లిథియం సెల్ లోపలి నిరోధం బాగా పెరుగుతుంది. పై బోర్డు లేచేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతుంది, అప్పుడు వోల్టేజ్ కూలిపోతుంది. ఎర్ర లైటు ఆరిందంటే 5 వోల్టులు నిలబడలేదనే అర్థం. బ్యాటరీని బయట గదిలో ఉంచి, పొట్టిగా, లావుగా ఉన్న వైరుతో కరెంట్ లోపలికి ఇచ్చి చూడు. బోర్డు మాత్రమే చల్లబడాలి. బాగా చల్లబడ్డాకే స్విచ్ వెయ్యి. బూట్ అయితే కెర్నెల్ లాగ్‌లో, అంటే సిస్టమ్ రాసుకునే చిట్టాలో, అండర్ వోల్టేజ్ (వోల్టేజ్ చాలలేదు) అని ఉందేమో చూడు.

పెన్నా_గట్టు:
అక్కా, లేచింది! పొద్దున దాకా చల్లబరిచి స్విచ్ వేశా, మామూలుగా బూట్ అయింది. లాగ్‌లో హెచ్చరిక ఏమీ లేదు. అంటే పై 4 చాలు కదా, కొత్తది అక్కర్లేదు?

బురుజు_వీధి:
నీ ఫ్రీజర్‌లో లేచింది. అక్కడ చలికాలమంతా లేస్తుందని గ్యారంటీ లేదు. 0 కింద కంపెనీ పూచీ లేదు.

శ్రీశైలం_రోడ్డు:
బోర్డు కంటే పెద్ద సమస్య ఇంకొకటి ఉంది. లిథియం సెల్‌ని 0 డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు. లిథియం లోపలికి ఇంకకుండా సెల్ లోపలి ఆనోడ్ అనే ధ్రువం మీద లోహంలా పేరుకుంటుంది. కెపాసిటీ శాశ్వతంగా పోతుంది, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంటుంది. లేహ్‌లో ఏం జరుగుతుందో ఆలోచించు. రాత్రి మైనస్ 15 దాకా పడిపోతుంది. పొద్దున ఎండ రాగానే ప్యానెల్ ఛార్జింగ్ మొదలుపెడుతుంది, సెల్ మాత్రం ఇంకా గడ్డకట్టే చలిలోనే ఉంటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం సెల్‌కీ ఇదే నియమం. చలిలో ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్న ప్యాక్ కొను. లేదంటే లెడ్ యాసిడ్ తీసుకో, చలికి కెపాసిటీ సగానికి పడిపోవచ్చు కాబట్టి లెక్క కంటే రెట్టింపుది. ఒక్కటి గుర్తుపెట్టుకో, పూర్తిగా ఖాళీ అయిన లెడ్ యాసిడ్ చలికి గడ్డకట్టి పగులుతుంది, నిండుగా ఉంటే ఆ భయం లేదు.

హంద్రీ_ఒడ్డు, కర్నూలు:
ఇంత గొడవ ఎందుకు బ్రో, ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై చిప్ బోర్డు పెట్టు. ఆ మాడ్యూల్ మైనస్ 40 దాకా పనిచేస్తుంది, నిద్రలో మైక్రో ఆంపియర్లే తాగుతుంది. కెమెరాతో ఉన్న రకమూ దొరుకుతుంది.

బురుజు_వీధి:
అడిగింది కంప్యూటర్. అది మైక్రోకంట్రోలర్, చిన్న ప్రోగ్రాం నడిపే చిప్ మాత్రమే.

హంద్రీ_ఒడ్డు:
ప్రోగ్రాం నడుస్తుంది, వైఫై ఉంది, ఫోటో తీస్తుంది. ఇంకేం కావాలి?

బురుజు_వీధి:
లైనక్స్ ఉండాలి. ఆ కెమెరా ఫోటోలో మొగ్గ ఏదో, పువ్వు ఏదో తేలదు.

శ్రీశైలం_రోడ్డు:
పేరు ఏదైనా సరే, రెండూ కలిపి వాడొచ్చు. ఈఎస్‌పీ32ని కాపలా పెట్టండి. గంటకోసారి లేచి డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సార్‌తో బాక్స్ లోపలి ఉష్ణోగ్రత చూస్తుంది. మైనస్ 5 కంటే కింద ఉంటే పై బోర్డుకు కరెంట్ ఇవ్వదు. ఫోటో కావాల్సింది పగలే కదా, మధ్యాహ్నం ఎండలో బాక్స్ వేడెక్కాక పై బోర్డును లేపి, ఫోటో తీయించి, సరిగ్గా షట్‌డౌన్ అయ్యాక కరెంట్ కట్ చేస్తే చాలు. పై 4 రోజంతా ఆన్‌లో ఉంటే ఊరికే ఉన్నా 3 వాట్ల దాకా లాగుతుంది, రోజుకు 70 వాట్ అవర్లు. ఇలా చేస్తే అందులో చిన్న ముక్క సరిపోతుంది. నా సలహా జీరో 2 డబ్ల్యూ.

గండికోట_77:
లేహ్ అని ముందే చెప్పుంటే బాగుండేది తమ్ముడూ. అయినా ఎండ మాట నేను వదలను. 3500 మీటర్ల ఎత్తులో అతినీలలోహిత కిరణాలు చాలా ఎక్కువ. మామూలు ఏబీఎస్ బాక్స్ పెళుసెక్కి పగులుతుంది, యూవీ తట్టుకునే పాలీకార్బొనేట్ తీసుకో. పీవీసీ వైరు చలికి కర్రలా బిగుసుకుంటుంది, సిలికాన్ వైరు వాడు. పగలు వేడి, రాత్రి చలి కాబట్టి లోపల చెమ్మ పడుతుంది. సిలికా జెల్ పొట్లం వెయ్యి, బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ (చెమ్మ తగలకుండా పూసే పలుచని పొర) కొట్టు. కనెక్టర్ల మీద, కెమెరా లెన్స్ మీద పడకుండా టేపు వేసి కొట్టాలి. వైర్లు బాక్స్ అడుగు నుంచి తియ్యి.

వేదవతి:
కాపలా బోర్డుకు కూడా గడియారం కావాలి. ఎస్ఎన్ చూసి తీసుకో.

పెన్నా_గట్టు:
జీరో 2 డబ్ల్యూ ఆర్డర్ పెట్టేశా, ఈఎస్‌పీ32 ఇంట్లోనే ఉంది. థ్యాంక్స్ అక్కా, అందరికీ. బ్యాటరీ ప్యాక్ కూడా ఇక్కడే కొని బావకి పార్సిల్ చేస్తా.

బురుజు_వీధి:
విమానంలో లిథియం ప్యాక్‌లకు కట్టుబాట్లు ఉన్నాయి. ముందే కనుక్కో.

హంద్రీ_ఒడ్డు:
లేహ్‌లోనే లెడ్ యాసిడ్ దొరుకుతుందేమో మీ బావనడుగు బ్రో. వెహికల్ బ్యాటరీలు అమ్మే షాపులు అక్కడ ఉంటాయి కదా?