ఒరిగిన చోటనా, ఒదిగిన చోటనా?

పర్లాకిమిడివాసి:
నర్సరీవాడు వాకింగ్ ఐరిస్ అని ఇచ్చిన మొక్క మొన్న పూసింది. తెల్లటి రేకులు, మధ్యలో నీలం. పొద్దున్న విచ్చింది, సాయంత్రానికి ముడుచుకుపోయింది. కొన్నాళ్లకి ఆ కాడ చివర్నే పిల్లమొక్క పుట్టి, బరువుకి కాడ వంగి పక్క కుండీలో ఆనింది. చూడగానే తాతగారి నోట విన్న ముక్క గుర్తొచ్చింది: "ఒరిగిన చోటనె వేళ్లను..." తరువాతిది రావట్లేదు. ఒరిగినా, ఒదిగినా? టెన్షన్‌గా ఉంది.

బరంపురం బాబాయి:
ఒదిగినే. చోటు దొరికితే ఒదుగుతాం. ఒరగడమంటే నేలకొరగడం, అంటే పోవడం. పోయినవాడు వేళ్లెలా తన్నుతాడు?

రాయగడ టీచర్:
అందుకేనండీ ఒరిగినే! పోయాడనుకున్నచోటే వేరు తన్నిందంటేనే కదా పద్యం. పైగా ఒరిగిన నలం, చోటనె భగణం, వేళ్లను భగణం. నాలుగేసి మాత్రల గణాలు మూడు, కంద పద్యం మొదటి పాదమే. ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలి కాబట్టి మిగతా మూడు పాదాల్లో ఏ ఒక్కటి దొరికినా ర-దల గొడవ తీరిపోతుంది.

బరంపురం బాబాయి:
మా అమ్మ వంకాయల బేరం కూడా నాలుగేసి మాత్రల్లోనే పడేది మాష్టారూ.

పాతపట్నం అల్లుడు:
అసలది బ్రెజిల్ మొక్క, కుంకుమపువ్వు కుటుంబం. తాతగారి పద్యంలోకి ఎలా వస్తుంది? పువ్వు పద్యమంటే ముక్కు తిమ్మనది. తుమ్మెద వాలని సంపెంగ తపస్సు చేసి ముక్కై పుట్టడం... ఆహా!

రాయగడ టీచర్:
ఆ పద్యం ఉన్నది వసుచరిత్రలో. అది రాసిన భట్టుమూర్తి ఆ పద్యాన్ని తిమ్మన దగ్గర కొనుక్కున్నాడన్నది కట్టుకథ.

పాతపట్నం అల్లుడు:
కట్టుకథైతే ఆ ముక్కు పేరు ఎలా వచ్చిందో చెప్పండి.

కాశీనగర్ కోడలు:
తిమ్మనని కాసేపు వదలండి. గిడుగువారు పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నది పర్లాకిమిడిలోనే కదా. ఆయనైతే ముందు ఇంట్లో ఏమంటారని అడిగేవారు. మా అత్తగారు కర్రసాయం లేని చిక్కుడుతీగని చూసి "ఒరిగిపోనాది" అంటారు. ఒదగడం తీగకి వాడగా వినలేదు.

బరంపురం బాబాయి:
ఒక అత్తగారి సాక్ష్యం చాలదమ్మా.

పర్లాకిమిడివాసి:
ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. "ఎదిగిన చోటనె" అట. అరటిపిలకల్ని చూసి అనేవారట.

రాయగడ టీచర్:
కందం మొదటి పాదానికి యతి, అంటే మొదటి అక్షరానికి పాదం మధ్యలో జత కుదరాలన్న నియమం, లేదు. అదీ చెల్లుతుంది, ఖర్మ.